వెర్రిసొర

"ఉప్పు చూశావా, లేదా? నేనడిగేది అంతే."

ఆడపడుచు వంటగది గుమ్మానికి అడ్డంగా నిలబడి ఈ మాట ఎన్నోసారి అడుగుతోందో ఆమెకే తెలీదు. తెల్లవార్లూ ఆసుపత్రిలో తల్లి దగ్గర కూర్చుని వచ్చిన మనిషి, చెప్పులు కూడా విప్పలేదు. చేతిలో ఫ్రిజ్‌లోంచి తీసిన కూర గిన్నె. మూత తీసి వదినగారి ముక్కు కింద పెట్టింది.

కోడలు గిన్నెలోకి చూసింది. మెత్తగా ఉడికిన సొరకాయ ముక్కలు, పైన తాలింపు. చూడ్డానికి ఏం తక్కువ? అదే కోడలి ఖర్మ. ఆవిడ వంటలో చూడ్డానికి ఎప్పుడూ ఏమీ తక్కువ ఉండదు.

"చూశాను" అంది.

"చూశావూ?"

"చూశానన్నాగా."

"చూసే మా అమ్మకి పెట్టావన్నమాట."

ఆడపడుచు చిటికెనవేలితో కూర ఇంత తీసి నాలుకకి రాసుకుంది. మరుక్షణం గిన్నె బల్ల మీద పడేసి సింకు దగ్గరికి పరిగెత్తింది. ఉమ్మింది, పుక్కిలించింది, మళ్ళీ ఉమ్మింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మో అమ్మో! ఇది కూరా? దీన్ని మనిషన్నవాడు మింగుతాడా? మొదటి ముద్దకే కంచంలో ఉమ్మేస్తాడు. మా అమ్మ మారు వడ్డించుకుని తిందన్నావే నిన్న! ఎవరు తినిపించారమ్మా?"

"నేనెందుకు తినిపిస్తాను? ఆవిడే తిన్నారు. బాగుందన్నారు కూడా."

"బాగుందందా? దీన్నా?"

"అన్నారమ్మా. ఒట్టు."

"ఒట్లు పెట్టకు. నువ్వెందుకు తిన్లేదో చెప్పు. మా అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు, సరే. నువ్వింట్లోనే ఉన్నావుగా?"

ఇదిగో, ఇక్కడ చెప్పేస్తే సరిపోయేది. ఒక్క మాట. కానీ ఆ మాట గొంతులో అడ్డం పడి చాలా నెలలైంది. "ఫ్యాక్టరీకి టైమైపోతోందని రొట్టె ముక్క నములుతూ బస్సెక్కాను" అంది కోడలు. అది నిజమే. ఈమధ్య రోజూ రొట్టె ముక్కే. ఏది తిన్నా అట్టముక్క నమిలినట్టే ఉంటే, కూర ఎవరికి కావాలి?

నిరుడు వానల్లో జ్వరం వచ్చింది ఆవిడకి. జ్వరం పోయింది. పోతూ పోతూ నాలుకనీ ముక్కునీ ఊడ్చుకుపోయింది. తీపి లేదు, పులుపు లేదు, కారం మంట తెలుస్తుంది గానీ కారం తెలీదు. తగ్గుతుందిలే అనుకుంది. తగ్గలేదు. మామూలు మనిషికైతే అది జబ్బు. ఈవిడకి బతుకు. ఎందుకంటే ఈవిడ బిస్కట్ల ఫ్యాక్టరీలో రుచి చూసే మనిషి. పిండి కలిపిన ప్రతిసారీ, పొయ్యిలోంచి దించిన ప్రతిసారీ, ఆవిడ నోట్లో వేసుకుని "ఊఁ" అంటేనే సరుకు డబ్బాల్లోకి వెళ్ళాలి. ఫ్యాక్టరీలో అందరూ రుచులమ్మ అని పిలుస్తారు. ఆ పేరంటే ఆవిడకి ప్రాణం.

అందుకే ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడికీ చెప్పలేదు. ఫ్యాక్టరీలో పక్కన రుచి చూసే ఇంకో ఆవిడ మొహం కనిపెట్టి, ఆవిడ పెదవి విరిస్తే తనూ విరిచి, ఆవిడ తలూపితే తనూ ఊపి నెట్టుకొస్తోంది. ఇంట్లో కొలత చెంచాలతో నెట్టుకొస్తోంది. నిన్న కూడా గరిటె చివర ఇంత కూర నాలుక మీద వేసుకుని చూసింది పాపం. నాలుక ఏమీ చెప్పలేదు.

"నీకు మా అమ్మంటే పడదని నాకు తెలుసు" అంది ఆడపడుచు. "అమ్మ మీ ఇంటికి వచ్చిన కొత్తలో మీ ఇద్దరికీ రోజూ వంట దగ్గరే గొడవ. ఉప్పెక్కువైందని అమ్మ అనడం, నువ్వు మొహం మాడ్చుకోవడం. నాకు ఫోన్లో అన్నీ చెప్పేది."

"ఆ గొడవలన్నీ ఎప్పుడో సద్దుమణిగాయి. ఈ రెండు నెల్లుగా అత్తయ్య నన్ను ఒక్క మాటన్నారేమో అడుగు."

"అడుగుదామంటే మనిషి మాట్లాడే స్థితిలో ఉంటే కదా!"

ఆడపడుచు గొంతు ఖంగుమంది. చిన్నప్పుడు వాళ్ళన్నయ్య ఆమెకి సైరన్ అని పేరు పెట్టాడు, ఊరికే పెట్టలేదు. ఆ గొంతు ఒక్కసారిగా విరిగిపోయింది. ఆమె గుమ్మంలో కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. "రక్తం కక్కుతోంది వదినా మా అమ్మ. బీపీ నిలబడట్లేదట. కిడ్నీలు కూడా... నువ్వేం చేశావో చెప్పు. కోప్పడనులే, చెప్పు."

కోడలికి వెళ్ళి ఆమె తల నిమరాలనిపించింది. చెయ్యి లేవలేదు.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది.

ఇంటాయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పని చొక్కా మీదే ఆసుపత్రికి పరిగెత్తాడు నిన్న, ఆ చొక్కాతోనే తిరిగొచ్చాడు. గుమ్మంలో ఏడుస్తున్న చెల్లెల్ని చూశాడు, బల్ల మీద గిన్నె చూశాడు. పెళ్ళాం మొహం మాత్రం చూడలేదు.

"ఆ సొరకాయ ఒకటి తెమ్మన్నాడు డాక్టరు. పరీక్షకి పంపిస్తాడట" అని తిన్నగా వెనక డెక్ మీదికి నడిచాడు. బూట్లు విప్పలేదు. ఇద్దరూ అతని వెనకే వెళ్ళారు.

ఆ డెక్ సంగతి చెప్పాలి. ఇంటి వెనక, చెక్క పలకలు పరిచిన ఆ కాస్త జాగాలో మట్టనేది లేదు. ఉన్నదంతా ఆవిడ మోసుకొచ్చిందే. రంగుల డబ్బాల్లో టమాటాలు, పగిలిన బకెట్లలో వంకాయలు, పాత స్నానాల తొట్టిలో ఆకుకూరలు, రెండు నీళ్ళ డ్రమ్ముల్లో సొరపాదులు. డ్రమ్ముల అడుగున చిల్లులు వేసింది మొగుడే. పాదు పాకడానికి లిఫ్టుల్లోంచి తీసేసిన పాత తీగ తెచ్చి పందిరి కట్టిందీ అతనే.

నాలుక పోయాక ఆవిడకి ఈ డెక్కే దిక్కైంది. రుచి తెలీకపోతేనేం, గింజ తెలుసు. రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి, మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్ నెత్తిన వెచ్చగా దాచేది. మొలక తెల్లగా ముక్కు బయటపెట్టగానే చిన్న గ్లాసుల్లోకి. నెత్తిమీద గింజ తొక్క టోపీలా పెట్టుకుని మొలక పైకొస్తే, దాన్ని చూసి ఒక్కత్తీ నవ్వుకునేది. తిండి మీద పోయిన ప్రేమంతా ఇక్కడ కళ్ళతో, వేళ్ళతో తిరిగి సంపాదించుకుంటున్నాననుకుంది. పాపం, వెర్రి మనిషి.

పందిరికి రెండు కాయలు వేలాడుతున్నాయి. నున్నగా, నవనవలాడుతూ. అతను కత్తితో ఒకటి కోసి, అక్కడే నిలబడి ఒక చెక్క తీసి నాలుకకి తాకించాడు. తుపుక్కున ఉమ్మాడు.

"వెర్రిసొర" అన్నాడు.

"ఏంటది?" అంది చెల్లెలు.

"చేదెక్కి విషమైన సొరని అమ్మ అలాగే అంటుంది. మనం చిన్నప్పుడు కాయ కొయ్యగానే ముక్క కొరికి చూసేది, గుర్తులేదూ? కొరికి చూడందే కత్తిపీట ముందేసుకునేది కాదు." అతను ఆగాడు. "అమ్మకి ఇది తెలీకపోవడమేంటి? నాలుక మీద పెట్టగానే చెప్పేస్తుందే!"

"అదే నేనూ మొత్తుకుంటున్నా. తెలిసి తెలిసి ఎందుకు తింటుంది? ఈవిడ తినిపించింది, అంతే."

అతను మొదటిసారి పెళ్ళాం వైపు తిరిగాడు. "గింజలు ఎక్కడివి?"

"మనవే. నిరుడు పాదుమీదే ఎండబెట్టానే, ఆ కాయవి."

"నిరుటి కాయలు తియ్యగా ఉన్నాయిగా. నేనూ తిన్నాను."

"అవును. తియ్యగానే ఉన్నాయి. జ్వరం రాకముందు నేనూ తిన్నాను." ఆ మాట అంటుంటే ఆవిడకి ఏదో తట్టింది. కళ్ళు గోడ అవతలికి వెళ్ళాయి. పక్కింటాయన ప్రహరీ నిండా చిన్న చిన్న సొరబుర్రలు. తినేవి కావు. ఎండబెట్టి, రంగులేసి, లోపల దీపం పెట్టి అమ్ముతాడు ఆయన.

ఆవిడ కళ్ళు మళ్ళీ తన పాదు మీదికి తిరిగాయి.

"నిరుడు... కాపు చివర్లో మన పాదుకి మగపువ్వులు సరిగ్గా రాలేదు. ఒక్క ఆడపువ్వు పూసింది. వృథాగా రాలిపోతుందే అని, గోడ మీంచి ఆయన పాదులో మగపువ్వు ఒకటి కోసి దానికి రాశాను. అదే కాయైంది. అదే గింజకి ఉంచాను." ఆవిడ డ్రమ్ము అంచు పట్టుకుంది. "కాయ మనదే అయింది. గింజలో మాత్రం ఆయనది కలిసింది. చేదంతా అందులో దాక్కునుంది. నాకేం తెలుసు! పువ్వే కదా అనుకున్నా."

"పువ్వు రాశావు సరే" అంది ఆడపడుచు. "వండేటప్పుడు? నువ్వు రుచులమ్మవి. మైదాలో చిటికెడు ఉప్పు తేడా వస్తే పట్టేస్తావని అన్నయ్య పదిమందికీ చెప్పుకుంటాడు. నీకు దీని చేదు తెలీలేదా?"

కోడలు మొగుడి వైపు చూసింది. అతను కూడా అదే ప్రశ్నతో నిలబడి ఉన్నాడు. పైకి అడగట్లేదంతే. పదేళ్ళు పక్కన పడుకున్న మనిషి, తన తల్లికి పెళ్ళామే విషం పెట్టిందా అని లోపల లోపల లెక్కేసుకుంటున్నాడు. ఆ చూపు చూశాక ఇంక ఉద్యోగమేంటి, పేరేంటి? ఏదీ ఆవిడకి అక్కర్లేకపోయింది.

అతని చేతిలోంచి ఆ కాయ లాక్కుని కసుక్కున కొరికింది. కొరికి, నమిలింది. ఇద్దరి మొహాల్లోకీ చూస్తూ, దోసకాయ నమిలినంత నిమ్మళంగా నమిలింది. కనుబొమ్మ కదల్లేదు, మూతి వంకర పోలేదు.

"ఏయ్! ఏం చేస్తున్నావ్? ఉమ్మెయ్! ఉమ్మెయ్యమంటుంటే!" అతను ఆవిడ దవడలు పట్టుకుని నోట్లో వేలు పెట్టి ముక్కలు కక్కించాడు. నీళ్ళ పైపు తెచ్చి నోరు కడిగించాడు. ఆవిడ ఒళ్ళంతా తడిసిపోయింది.

"చూశారుగా" అంది ఆవిడ రొప్పుతూ. "నాకేం తెలీదండీ. తీపి తెలీదు, చేదు తెలీదు. మన్ను పెట్టినా తింటాను. నిరుటి జ్వరం దగ్గర్నుంచి ఇంతే."

ఆడపడుచు ముందుగా తేరుకుని, "మరి ఫ్యాక్టరీలో?" అంది.

"తెలీదు వాళ్ళకి."

"బాగుంది సంబడం! ఊరంతా తినే బిస్కట్లు. రేపు ఏ పిల్లాడికో ఏదో అయితే? మా అమ్మకి చేసినట్టే వాళ్ళకీ చేస్తావా?"

"చెప్పేస్తానమ్మా. ఇప్పుడే చెప్పేస్తా."

కానీ ఆవిడ చూస్తున్నది మొగుడి వైపే. తిడతాడనుకుంది, లేదా దగ్గరికి తీసుకుంటాడనుకుంది. అతను రెండూ చెయ్యలేదు. బోర్లించిన బకెట్ మీద మెల్లగా కూర్చున్నాడు.

"నిరుటి నుంచా?" అన్నాడు. "అంటే... అమ్మ మన దగ్గరికి రాకముందు నుంచీనా?"

"ఆఁ."

"అయితే అమ్మ అన్నవన్నీ... ఉప్పెక్కువైందనీ, పచ్చివాసనొస్తోందనీ..."

"అన్నీ నిజమే అయ్యుంటాయండి. నాకు తెలిస్తే కదా."

అతను బూటు కాలితో కింద పడ్డ సొరముక్కని చాలాసేపు అటూ ఇటూ జరిపాడు.

"ఏంటన్నయ్యా?" అంది చెల్లెలు.

"ఏం లేదు. పదండి, అమ్మ దగ్గరికి పోదాం."

ముగ్గురూ ఆటో ఎక్కారు. పందిరి మీది రెండో కాయ పెట్టిన సంచి అతని ఒళ్ళో ఉంది. కోడలు ఫోను తీసి ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకి చేసింది. "నాకు రుచి తెలీట్లేదు సార్. చాన్నాళ్ళయింది. చెప్పకుండా దాచాను" అంది. ఆయన ముందు నవ్వాడు, పరాచికమనుకున్నాడు. తర్వాత నవ్వు ఆగింది. రేపట్నుంచి రావద్దని చెప్పడానికి ఆయనకి ఎంతోసేపు పట్టలేదు. ఫోను పెట్టేసి ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆడపడుచు ఆమెని ఓరగా చూసింది.

ఆసుపత్రిలో డాక్టరు సంచి పుచ్చుకుని కాయని తిప్పి చూశాడు, తలూపాడు. "ఇంత చేదు కాయ అంతలా తినడం నేనెక్కడా చూళ్ళేదండీ" అన్నాడు. "సాధారణంగా నోరే కాపాడుతుంది మనిషిని. ఆవిడకి నోటి రుచి ఏమైనా పోయిందా?"

"లేదండి" అంది కూతురు. "మా అమ్మ నోరు మహా నోరు."

"ఇప్పుడెలా ఉంది సార్?" అన్నాడు కొడుకు.

డాక్టరు చూపు తప్పించాడు. "మేం చేసేదంతా చేస్తున్నాం. ఒంట్లోంచి నీరు పోవట్లేదు. కాసేపటి క్రితం కళ్ళు తెరిచారు. మాట్లాడాలనుకుంటే వెళ్ళి మాట్లాడండి." ఎందుకు వెళ్ళమంటున్నాడో ముగ్గురికీ అర్థమైంది.

పెద్దావిడ మంచంలో ఇంతైపోయింది. రెండు చేతులకీ గొట్టాలు, పెదాలు పిండి రాసినట్టు తెల్లగా. కోడలు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"అత్తయ్యా! నేనండీ."

కళ్ళు మెల్లగా తెరుచుకున్నాయి. గుర్తుపట్టినట్టే ఉంది.

"నాకు రుచి తెలీదత్తయ్యా. అది వెర్రిసొరని నాకు తెలీలేదు. మీ మీద ఒట్టు, తెలీలేదు. మీకు తెలిసే ఉంటుంది కదా? ఎందుకు తిన్నారు? ఛీ అని నా మొహాన కొట్టుంటే సరిపోయేదిగా!"

ముసలి పెదాలు కదిలాయి. మాట రాలేదు. ఆవిడ చూపు కోడలి భుజం మీంచి వెనక్కి వెళ్ళింది. అక్కడ కొడుకు నిలబడి ఉన్నాడు. కొడుకుని చూడగానే ఆ మొహంలో ఒక కంగారు. లేవబోయినట్టు తల కదిలింది. అన్నం తినకుండా దొరికిపోయిన చిన్నపిల్ల గబగబా సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు మాటలు తోసుకుంటూ బయటికొచ్చాయి.

"నేనేం అనలేదురా. వంక పెట్టలేదు. బాగుందనే అన్నాను. దాన్నే అడుగు. మారు కూడా వడ్డించుకున్నా..." ఊపిరి అందలేదు. "పెట్టె సర్దకురా నాన్నా."

చెల్లెలు అతని వైపు తిరిగింది.

"పెట్టేంటన్నయ్యా?" అంది చెల్లెలు.

అతను గోడకి ఆనుకున్నాడు.

"నిన్నే. పెట్టేంటి? ఏమన్నావు అమ్మని?"

"ఏదో అన్నాను. విసిగిపోయి అన్నాను. రోజూ వంట దగ్గర ఆ రభస భరించలేక..." అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "రుచి చూడ్డమే దాని ఉద్యోగం, నువ్వు దానికి నేర్పుతావా అన్నాను. ఇంకోసారి దాని వంటకి వంక పెట్టావంటే పెట్టె సర్ది పంపించేస్తానన్నాను. ఊరికే అన్నానే! బెదిరించానంతే! అమ్మని ఎక్కడికి పంపిస్తాను నేను?"

కోడలు లేచి నిలబడింది. రెండు నెలలుగా అత్తగారు నోరెత్తకపోతే, తన వంట కుదురుకుందనుకుంది. ఆవిడ మనసు మెత్తబడిందనుకుంది. సాయంత్రాలు ఇద్దరూ డెక్ మీద కూర్చుని ఆకుకూర గిల్లుకుంటుంటే, ఈ పాటి సంతోషం నాకు చాలనుకుంది. ఆ పూటలన్నీ ఆ ముసలావిడ భయంతో గడిపిందా?

"మీరీ మాట నాకు చెప్పారా?" అంది మొగుడితో. "అత్తయ్య నోరు మూయించానని నాతో ఒక్క ముక్క అన్నారా?"

"నువ్వు చెప్పావా? నాలుక పోయిందని ఒక్కసారి నాతో అంటే, అమ్మ మాట నమ్మేవాణ్ణి కదే!"

"నా మీదికి తోసెయ్యండి. చక్కగా ఉంటుంది."

"తొయ్యక? నీ అబద్ధం వల్లే కదా నేను అమ్మని..."

"ఛీ, ఆపండి!" చెల్లెలు ఇద్దరి మధ్యకీ వచ్చింది. "సిగ్గులేదూ మీకు? అమ్మ ముందా?"

నర్సు తలుపు తోసుకొచ్చి, గొడవ పడేవాళ్ళు బయటికి పొమ్మంది. ఎవరూ కదల్లేదు. గొంతులు ఇంకా పెరిగాయి. మంచం మీంచి ఏదో వినిపించిందని ముందు ఆ నర్సే పసిగట్టి, చెయ్యెత్తి ముగ్గుర్నీ ఆపింది.

పెద్దావిడ కళ్ళు మూసుకునే ఉంది. చెయ్యి మాత్రం దుప్పటి మీద కంచం కోసం తడుముతున్నట్టు కదులుతోంది.

"కొట్టుకోకండిరా" అంది. "పెట్టండి, తింటాను."